కావలి కొత్త వెర్షన్

"గీ సాఫ్ట్‌వేర్ ఇగ నీది కాదు. అభిషేక్‌ది. సంతకం పెట్టు."

ప్రొఫెసర్ ఉమాపతి కాగితాన్ని అమల ముందు బల్ల మీదికి విసిరాడు. అభిషేక్ ఆయనకు సొంత మేనల్లుడు, ఆయన దగ్గరే పీహెచ్‌డీ చేస్తున్నాడు. క్యాంపస్‌లో అందరికీ తెలుసు, ఒక్కరూ నోరెత్తరు.

ఆ సాఫ్ట్‌వేర్ పేరు 'కావలి'. అమల మూడేళ్లు కూర్చుని రాసింది. ముక్కూమొహం తెలియనివాడెవడో నెట్‌లో పెట్టిన రెడీమేడ్ కోడ్ ప్యాకేజీని మనం ఇన్‌స్టాల్ చేస్తాం కదా, అందులో దొంగ దాక్కుని ఉంటే బటన్ నొక్కిన మరుక్షణం మన ఫైళ్లు మోసుకుపోతాడు. కావలి వాణ్ణి అక్కడికక్కడే పట్టేస్తుంది.

"నా పీహెచ్‌డీ మొత్తం ఇదే సార్. లాలాగూడ నుంచి రోజూ నడిచొచ్చి చేసిన."

"అయితే ఏంది? సంతకం పెట్టకుంటే నేను నీకు గైడ్‌గా ఉండ. ఇగ పీహెచ్‌డీ ఎట్ల వస్తదో చూస్త."

పెట్టింది. ఏం చేస్తుంది మరి? గైడ్‌తో పెట్టుకుని బతికి బట్టకట్టిన స్కాలర్‌ను మీరెప్పుడైనా చూశారా?

"డెమో రేపు పదింటికి. కొత్త వెర్షన్ ఇచ్చి పో" అన్నాడు ఉమాపతి.

మర్నాడు పావు తక్కువ పదికి పెన్‌డ్రైవ్ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది అమల.

"సార్, ఇన్‌స్టాల్ చేసే ముందు పాత కావలితో ఒకసారి చెక్ చేసుకోండి. ఎవరిచ్చినా చెక్ చేయాల్సిందే."

అభిషేక్ పకపకా నవ్వాడు. "కావలికే కావలా అక్కా!"

"నాకే పాఠాలు చెప్తున్నవా?" ఉమాపతి తన లాప్‌టాప్ తెరిచి, అమల కళ్లెదుటే ఇన్‌స్టాల్ నొక్కాడు. "ఇగ నడువ్. డెమోల నీ మొహం కనబడొద్దు."

సిగ్గుండాలి, ఆ మాట అనడానికి! అమల తార్నాక దాకా నడిచింది. టిఫిన్ సెంటర్‌లో రెండిడ్లీ తెప్పించుకుని తీరిగ్గా కూర్చుంది.

అక్కడ క్యాంపస్‌లో సెమినార్ హాల్ నిండిపోయింది. అభిషేక్ ఆరు ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేశాడు. రెండింట్లో దొంగలున్నారు. కావలి ఇద్దర్నీ పట్టింది.

"అంతా మావాని సొంత బుర్ర!" అన్నాడు ఉమాపతి.

చప్పట్లు పడలేదు. అందరూ తలలు వంచుకుని ఫోన్లు చూసుకుంటున్నారు.

పరీక్షకురాలిగా వచ్చిన వేదవతి లేచి నిలబడింది. "ఉమాపతి గారూ, ఈ మెయిల్ మీరే పంపారా?"

"ఏ మెయిల్ మేడమ్?"

'అమల థీసిస్ చాప్టర్లు పంపుతున్న, నీ పేరు పెట్టుకో' అంటూ మేనల్లుడికి ఆయన రాసిన పాత మెయిళ్లన్నీ మూటగట్టి, ఇన్‌స్టాల్ నొక్కిన ఆ నిమిషంలోనే, ఆయన లాప్‌టాప్ నుంచే యూనివర్సిటీ అంతటికీ పంపేసింది కొత్త కావలి.