రోములో దొరికిన మనిషి

"రోముకు పోయి ఏం తెచ్చినావమ్మా?" అని అడిగాడు డైరెక్టరు అణ్ణామలై. కూర్చోమని మాత్రం అనలేదు.

వేలూరులోని ఆ చిన్న నీటి పరిశోధన కేంద్రం నుంచి విదేశీ సదస్సుకు వెళ్లింది కవిప్రియ ఒక్కతే. తొంభై నాలుగులో అది చిన్న విషయం కాదు. కావలసింది ఉత్తరం రాసి తెప్పించుకోవచ్చు కదా అని ఆయన అడ్డుపడ్డాడు. ఎవరికి రాయాలో తెలిస్తే కదా సార్ అని ఆమె పైవాళ్ల చేత టికెట్టు మంజూరు చేయించుకుంది. ఆ మంట ఆయనకు ఇంకా చల్లారలేదు.

"మనిషిని పట్టుకున్నాను సార్. డాక్టర్ సామ్యుల్ అని. సదస్సులో నా పని వివరాలు రాసిన అట్ట పక్కనే ఆయన అట్ట తగిలించి ఉండారు. చూస్తే దాంట్లో బొమ్మ మన తొట్టి మాదిరే ఉండాది. అది ఎందుకు పూడుకుంటాదో ఆయన కనిపెట్టేసినారు. సోమవారం వస్తానన్నారు."

తోళ్ల ఫ్యాక్టరీల మురికి దిగిన బావినీళ్లను ఇసుకతో, బొగ్గుతో వడగట్టే తొట్టి అది. కొన్నాళ్లు బుద్ధిగా నడిచి ఉన్నట్టుండి మొండికేస్తుంది. అది నడిస్తే లత్తేరి పక్క పల్లెల పిల్లలకు మంచి నీళ్లు దొరుకుతాయి. కవిప్రియ దానికోసం నిద్రాహారాలు మానుకుని తిరుగుతోంది.

సామ్యుల్ పేరు అణ్ణామలై ఎప్పుడూ వినలేదు. వినలేదని ఒప్పుకునే అలవాటు కూడా ఆయనకు లేదు.

"సామ్యులా? తెలుసులే. ఆయన రాసిందంతా చదివినాను," అన్నాడు గంభీరంగా. "సోమవారం తొట్టి నడవాల. నడవకపోతే ఆ పొద్దే మూసేస్తాను. మళ్లా సదస్సు అనే మాట ఈడ వినపడగూడదు."

అంత తెలిసిన మనిషికి ఇంకేం చెబుతుంది? కవిప్రియ తల ఊపి తొట్టి దగ్గరికి పోయింది.

తెలుసనేశాక ఏ దేశమని అడగడానికి అణ్ణామలైకి నోరు రాలేదు. రోములో కలిసినవాడు ఆ చుట్టుపక్కలే ఎక్కడో ఉంటాడని తేల్చుకున్నాడు. అతిథి గది చూస్తే పందికొక్కుల పాలై ఉంది. వెంటనే వేలాయుధం మేస్త్రీని పిలిపించాడు. దాని మరుగుదొడ్డి గోడలకు ఊళ్లో కొత్తగా దిగిన టైల్స్ అతికించి, కుర్చీలా కూర్చునే కమోడు పెట్టించాడు.

"ఏ దేశపాయన సామీ?" అని మేస్త్రీ అడిగాడు.

"యూరోపు. మన తొట్టిలో తప్పు ఏడుందో చూడను వస్తాండాడు."

మేస్త్రీకి వింతగా తోచింది. ఒక మేస్త్రీ కట్టిన గోడను ఇంకో మేస్త్రీ వచ్చి తట్టి చూస్తే తన్నులాటే. పిలిచి మరీ తమ పనిలో తప్పులు వెతికించుకునేవాళ్లు ఉంటారా అని అడిగాడు. చదివానన్న రాతల గురించి ఆ దొర అడిగితే ఏం చెప్పాలా అని అణ్ణామలై లెక్కలు వేసుకుంటున్నాడు. పని ముగిశాక మేస్త్రీ వాడుక ప్రకారం గుమ్మడికాయ తెచ్చి, మరుగుదొడ్డి గుమ్మం ముందు కొట్టి దిష్టి తీశాడు.

సోమవారం తెల్లారకముందే పేరు రాసిన అట్టముక్కతో కారు మద్రాసు విమానాశ్రయానికి వెళ్లింది. అణ్ణామలై గంధపు మాలతో గేటు దగ్గర కాచుకున్నాడు. మధ్యాహ్నం దాటాక కారు ఖాళీగా తిరిగొచ్చింది. సామ్యుల్ అనే దొర ఎవరూ దిగలేదని డ్రైవరు ధనపాల్ చెప్పాడు.

అణ్ణామలైకి ఒళ్లు మండింది. లోలోపల బతుకుజీవుడా అని కూడా అనిపించింది. మాల కారులో పడేసి, భవనం వెనక ఉన్న తొట్టి దగ్గరికి విసవిసా నడిచాడు. కవిప్రియ మోచేతుల దాకా బురదతో కూర్చుని ఉంది.

"మీ సామ్యుల్ మోసం చేసినాడు. ఇంక మూసెయ్యి."

"పొద్దున్నే మీరు నిలబడిన గేటులోంచే వచ్చినారు కదా సార్," అంది ఆమె తెల్లబోయి. "బొగ్గు కింద ఇసుక పొర మార్పించి, ఇప్పుడే భోజనానికి పోయినారు. చూడండి."

గొట్టంలోంచి నీళ్లు తేటగా, ఆగకుండా పడుతున్నాయి. అణ్ణామలై వాటిని దోసిట పట్టి చూశాడు. తప్పు పట్టడానికి ఏమీ కనిపించలేదు.

"మద్రాసులో దిగనే లేదంట. మరి ఏ విమానంలో వచ్చినాడు?"

"విమానమెందుకు సార్, గుడియాత్తం బస్సులో వచ్చినారు. పక్కూర్లోనే ఉండారని నాకు రోముకు పోతే గదా తెలిసింది."