సరేగారి తిరుగుబాటు

మానవజాతి స్వేచ్ఛా చరిత్రలో చిరస్మరణీయమైన మాట ఒకటి ఆ ఆదివారం ఉదయం, ఇంటి వెనక రేకుల షెడ్డులో, తుప్పు పట్టిన ఒక బుల్లి కారు గర్భంలోంచి వెలువడింది.

"కుదరదు."

ఇల్లాలి చేతిలోని టీ గ్లాసు ఒలికినంత పనైంది. ఇన్నేళ్ళ కాపురంలో భర్త నోట ఆమె ఆ మాట విని ఎరగదు. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఆ పెద్దమనిషి, పరుల అక్షరాలకు తప్ప మరి దేనికీ అడ్డుగీత పెట్టి ఎరగరు. ఎవరేమడిగినా 'సరే' అనడం చేత వీధి వీధంతా ఆయన్ని 'సరేగారు' అనే పిలిచేది. అసలు పేరు పోస్టుమ్యాను కూడా మరిచిపోయాడు.

ఆ 'సరే' పునాది మీదే ఆమె తమ్ముడి టైల్సు వ్యాపారం లేచింది. వరండాలో నాలుగు పెట్టెలు పెట్టుకుంటానన్నాడు. సరే. హాల్లో ఒక మూల కావాలన్నాడు. సరే. ఇప్పుడు షెడ్డు మీద కన్నుపడింది. కారును పాత ఇనుము కింద తోలేస్తే ఎంత చోటొస్తుందో నిన్న భోజనాల దగ్గర లెక్క చెప్పాడు. ఆయన ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు. ఆ ఇంట్లో అది 'సరే' కిందే జమ.

ఒకప్పుడు అది ఎర్ర కారు. ఇప్పటికీ ఎర్రగానే ఉంది, రంగు మాత్రం లేదు. అయినా ఆ ఇంట్లో ఆయనదంటూ మిగిలిన చోటు అదొక్కటే. రెండేళ్ళుగా ఆదివారమల్లా ఆయన సెకండ్‌హ్యాండు వెల్డింగు మిషనుతో దానికి రేకులు అతుకుతున్నారు. మిషను వేస్తే ఇంట్లో ఫ్యాను నీరసించేది. అతికిన రేకులు అంతే నీరసంగా రాలిపోయేవి. ఈ పొద్దున కూడా, "తలుపు కింది రేకు అతికేటప్పుడు తలుపు మూసే ఉంచాలోయ్, లేకపోతే సందు వంకరపోతుంది" అని భార్యకు పాఠం చెప్పి మరీ షెడ్డులోకి నడిచారు.

ఇప్పుడు షెడ్డు ముందు లారీ ఆగి ఉంది. పాత ఇనుము కొట్టు యజమాని గొలుసు పట్టుకుని నిలబడ్డాడు.

"దిగండి బావగారూ, వాళ్ళకి టైమవుతోంది," అన్నాడు తమ్ముడు.

"దిగడం కుదరదన్నానా."

కారుకు ఒక పక్క గోడ, రెండో పక్క బావమరిది. కిటికీ అద్దం పక్కకు జరిపితే వచ్చే జానెడు సందులోంచి ఆయన ముఖం కనిపిస్తోంది. సీట్లు ఎప్పుడో ఊడదీశారు. బోర్లించిన పెయింటు డబ్బా మీద, వెల్డింగు ముసుగును నుదుటి మీదికి ఎత్తుకుని, ముట్టడిలో ఉన్న కోటకు అధిపతిలా కూర్చున్నారు. భార్య అందించిన టీ గ్లాసును ఆ సందులోంచే స్వీకరించారు.

తమ్ముడు మడ్‌గార్డు అతుకును తాళంచెవితో టకటకా కొట్టాడు. అతుకు ఊడి కాళ్ళ దగ్గర పడింది.

"చూశావా అక్కా! ఇదీ మన ఇంజినీరుగారి పనితనం. బావగారూ, మీ వెల్డింగు ఒక్కటంటే ఒక్కటైనా కుదిరిందా చెప్పండి?"

ఆయన ఏదో చెప్పబోయి, తలుపు కేసి ఓసారి చూసి, టీ గుటకేశారు. ఊడిపడ్డ అతుకును ఆమె వంగి తీసి, కొంగుతో తుడిచి బల్ల మీద పెట్టింది.

"పోనీ సాయంత్రానికైనా దిగుతారా?"

"చెప్పలేను."

"అన్నానికో?" అంది ఆమె.

"ఇక్కడికే పంపించు. కిటికీలో పట్టే గిన్నె చూడు."

"ఇదేం మొండితనం? కారు ఇవాళ వెళ్ళి తీరాల్సిందే!" అని అరిచాడు తమ్ముడు.

"తీసుకెళ్ళవోయ్. నన్ను కూడా కలిపి తీసుకెళ్ళు. మరో దారి లేదు."

ఆ కంఠంలో వణుకు లేదు, బతిమాలుడు లేదు. వాస్తవాన్ని ప్రకటించే మహానుభావుల కంఠం అది.

ఇనుము కొట్టు యజమాని గొలుసు చుట్టి భుజాన వేసుకున్నాడు. "మనిషితో సహా తూకం వెయ్యడం నా వల్ల కాదు బాబూ. రేపు ఏది ఎముకో ఏది రేకో తేల్చమంటే నేనెక్కడ చచ్చేది?"

లారీ వెళ్ళిపోయింది.

"అక్కా, నువ్వైనా చెప్పవే!"

ఆమె తమ్ముణ్ణి ఎగాదిగా చూసింది. నిన్నటిదాకా వాడి పక్షానే ఉంది. ఇప్పుడు కొంగు నడుముకి చుట్టింది.

"చెప్తున్నా విను. వరండాలో పెట్టెలు తీసెయ్. హాల్లోవి కూడా. ఇది నా మొగుడి ఇల్లు, నీ గోడౌను కాదు."

తమ్ముడు చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆమె కిటికీ దగ్గరికి వచ్చింది. కళ్ళు చెమర్చాయి.

"ఏవండీ, ఇన్నాళ్ళకి ఒక మాట మీద గట్టిగా నిలబడ్డారు."

"కూర్చున్నాను," అని ఆయన దిద్దారు. తరవాత గొంతు తగ్గించారు. "మీవాడు వెళ్ళాడా?"

"వెళ్ళాడు."

"సందు దాటాడా?"

"దాటాడండీ, ఇంక రాడు."

"అయితే ఆ బల్ల మీద రేకులు కోసే మిషనుంది, కాస్త ఇలా అందించు."

"ఇంకా పనేనా? గెలిచారుగా, ముందు దిగండి," అంటూ ఆమె గర్వంగా తలుపు పిడి పట్టుకుని లాగింది.

తలుపు రాలేదు. రెండేళ్ళ వెల్డింగులో కుదిరిన ఒకే ఒక్క అతుకు, కింది రేకుతో పాటు తలుపును కూడా కలిపేసుకుంది.