చింపేసిన మొదటి పేజీ

టిఫిన్ డబ్బా గుమ్మంలో పెట్టి వెళ్ళాల్సిన మనిషి వెళ్ళకుండా నిలబడిపోయాడు.

లోపల కుసుమ్ చాప మీద జిరాక్సు కాగితాలు పరుచుకుని, ఒక్కో ఇంగ్లిష్ మాటనూ హిందీ అర్థంతో సహా బట్టీ పడుతోంది.

అతను వంగి చూశాడు. చాప మీది పెన్సిల్ తీసుకుని పేజీ అడుగున ఏదో రాశాడు.

"ఇక్కడో లైను పోయింది తల్లీ. జిరాక్సుకు జిరాక్సు తీసీ తీసీ దాన్ని మింగేశారు."

కాగితం మీద పప్పు మరక పడింది. కుసుమ్‌కు ఒళ్ళు మండింది.

"అన్నం తెచ్చావా బాబాయ్, పాఠం చెప్పడానికొచ్చావా?"

రామ్‌నిహోర్ పెన్సిల్ పెట్టేసి, చేతులు చొక్కాకు తుడుచుకుంటూ మెట్లు దిగిపోయాడు. అతను రాసింది చదవకుండానే ఆమె రబ్బరుతో చెరిపేసింది.

ఇలాహాబాద్‌లో, అందులోనూ సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివేవాళ్ళుండే సలోరీ లాడ్జీల్లో, ఇలాంటివాళ్ళకు కొదవ లేదు. టీ పోసేవాడూ ఒకప్పుడు పరీక్ష రాసినవాడే, పంచరు వేసేవాడూ రాసినవాడే. అందరి దగ్గరా సలహాలున్నాయి, ఉద్యోగమే లేదు.

కుసుమ్‌కు ఇదే ఆఖరి పరీక్ష. సెప్టెంబరు పోతే వయసు దాటిపోతుంది. ఇంతకుముందు రెండుసార్లూ లెక్కల్లో గట్టెక్కి ఇంగ్లిష్‌లో మునిగింది. ఫతేపూర్ పల్లెలో హిందీ మీడియం చదువు మరి. ఈసారీ పోతే అన్న పిండిమరలో గోధుమలు పోస్తూ బతకాలి. ఆ మాట తలచుకుంటేనే ఆమెకు అన్నం దిగేది కాదు.

ఆశంతా ఆ చేతిరాత నోట్సు జిరాక్సు మీదే. అందులో ప్రతి మాటకూ అర్థం ఉంటుంది, దాని కింద అది పుట్టిన కథ ఉంటుంది. క్యాండిడేట్ అంటే తెల్లబట్టల వాడు. పూర్వం రోములో పదవి కావాలనుకున్నవాళ్ళు తెల్లబట్ట కట్టుకుని జనం ముందుకొచ్చేవారట. ఒకసారి చదివితే మరిచిపోదామన్నా కుదరదు.

ఒకటే లోటు. నోట్సు ఎం అక్షరంతో ఆగిపోయింది. తర్వాతి సగం ఎవరూ చూడలేదు.

రాసినాయన పేరు కూడా తెలీదు, ఎందుకంటే మొదటి పేజీ లేదు. సలోరీలో అదొక ఆనవాయితీ. ఆఖరి పరీక్ష కూడా పోగొట్టుకున్నవాడు గది ఖాళీ చేస్తూ బకెట్టు, కుక్కరు, పుస్తకాలు తర్వాతివాళ్ళకు ఇచ్చేస్తాడు. పుస్తకంలో తన పేరున్న పేజీ మాత్రం చింపేస్తాడు. ఓడినవాడి పేరు చదివేవాళ్ళకు తగలకూడదని.

అయినా లాడ్జీలన్నీ ఒకటే కథ చెప్పుకునేవి. ఆయన సగం రాస్తూండగానే పాసై పెద్ద ఆఫీసరైపోయాడట, అందుకే మిగతాది రాయలేదట.

పాసైనవాడు తన పేరెందుకు చింపుకుంటాడని ఒక్కరికీ తట్టలేదు. ఆశ పడ్డ బుర్రకు అలాంటివి తట్టవు.

మర్నాడు రామ్‌నిహోర్ మళ్ళీ నిలబడ్డాడు. ఈసారి డబ్బాతోపాటు చంకలో గుడ్డసంచి ఉంది. దాన్ని ముందుకు చాపి ఏదో చెప్పబోయాడు. కుసుమ్ డబ్బా అందుకుని తలుపేసేసింది.

ఆ సాయంత్రమే మెస్సు నడిపే మాల్తీ పిన్ని దగ్గరకు వెళ్ళింది. అతను గదిలోకి తొంగి చూస్తున్నాడని, తన వస్తువులు ముట్టుకుంటున్నాడని చెప్పింది.

"ఇంకోసారి అతని నీడ కూడా నా గుమ్మంలో పడకూడదు పిన్నీ."

ఆడపిల్లల లాడ్జీలో ఒక్క మాట పొక్కితే మెస్సు మూతపడుతుంది. మాల్తీ పిన్ని ఆ రోజే అతన్ని పనిలోంచి తీసేసింది.

తర్వాత డబ్బా మాల్తీ పిన్ని చెల్లెలు తెచ్చేది. పొద్దున పూరీలు, మధ్యాహ్నం రొట్టెలు, రెండూ కాగితంలో చుట్టి ఉండేవి. కుసుమ్ తినేది, కాగితం ఉండచుట్టి కిటికీలోంచి పారేసేది, మళ్ళీ బట్టీ పట్టేది.

పరీక్ష ఇంకా తొమ్మిది రోజులుందనగా ఒక పొద్దున ఆమె చెయ్యి ఆగింది.

నూనె ఓడుతున్న కాగితం మీద అక్షరాలు తెలిసినవి. నోట్సులోని అదే కుడివైపు వాలిన రాత, కాకపోతే ఇది జిరాక్సు కాదు, నీలి సిరా.

"రైవల్. ఒకే కాలువ నీళ్ళు వాడుకునేవాళ్ళు. పొలం ఉన్న ఇంటి పిల్లలు ఈ మాటను బట్టీ పట్టనక్కర్లేదు."

కుసుమ్‌కు అన్న నుదుటి మీది మచ్చ గుర్తొచ్చింది. కాలువ నీళ్ళ దగ్గర పక్క పొలంవాడు పార తిరగేసి కొట్టిన దెబ్బ అది.

రైవల్ ఆర్‌తో మొదలవుతుంది. ఎం దాటాక వచ్చే అక్షరం.

పూరీ అక్కడే పడేసి, చెప్పులు కూడా వేసుకోకుండా మెస్సుకు పరిగెత్తింది. ముందు రోజుల కాగితాలు కిటికీ కింద మురిక్కాలువలో వానకు ఎప్పుడో కొట్టుకుపోయాయి.

"ఈ కాగితాలు ఇంకా ఉన్నాయా పిన్నీ?"

"అయిపోయాయమ్మా. మూడు కట్టలుండేవి. మందం కాగితం, నూనె బాగా పీల్చేది."

"ఎవరిచ్చారు?"

"రామ్‌నిహోర్."

కుసుమ్ ఇప్పుడతను ఎక్కడున్నాడని అడిగింది. ఏ ఊరివాడో తనకు తెలీదంది మాల్తీ పిన్ని. పన్నెండేళ్ళు పనిచేశాడు గానీ, అడగాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదంది.

తర్వాత మూకుట్లో పూరీ తిరగేస్తూ, తలెత్తకుండానే చెప్పింది.

"'ముందు సగం నా పేరు చింపేసి ఇచ్చేశాను, ఈ సగం రాసేసరికి ఇన్నేళ్ళు పట్టింది, ఆ మేడమీది పిల్లకివ్వు' అని నా చేతిలో పెట్టి పోయాడమ్మా, అతని నీడ కూడా నీ గుమ్మంలో పడకూడదని నువ్వే అన్నావు కదా, అందుకే ఇవ్వలేదు."