ఉడుత మార్చిన పేజీ

"ఈ పేజీ తయారుచేసింది మీరేనా?" బ్లడ్ బ్యాంకు కౌంటర్లో ఉన్నావిడ కస్సుమంది.

"నేనేనమ్మా," అన్నాడు వెబ్‌సైటు మనిషి, తలుపు దగ్గరే నిలబడి.

"చేతులతో చేశారా, కాళ్ళతోనా? ఒక దాత ఫోన్ నంబరు కావాలంటే పాస్‌వర్డ్ కొట్టాక ఎన్ని పేజీలు దాటాలో తెలుసా? ఈలోగా అక్కడ ప్రాణం పోతుంది!"

"పైవాళ్ళు ఒప్పుకుంటేగానీ అక్షరం కదపడానికి లేదమ్మా."

"ఎప్పుడూ అదే పాట!"

ఆవిడ విసుక్కుంటూ పేజీలు తిప్పుతుంటే అతను వెనక నిలబడి కాసేపు చూసి, వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకి నర్సు పరుగున వచ్చింది.

"అక్కా, మన పేజీ కోసం ఎవరో స్క్రిప్ట్ అని చిన్న ప్రోగ్రాం రాసి నెట్‌లో ఊరికే పెట్టారు. బ్రౌజర్‌లో వేసుకుంటే చాలు, మనక్కావలసినట్టు మారిపోతుందట!"

వేసుకుంది. నిజమే! అరుదైన గ్రూపులు పైకొచ్చాయి. పేరు పక్కనే ఫోన్ నంబరు. రాసినవారి పేరు దగ్గర 'ఉడుత' అని మాత్రం ఉంది.

"ఉడుతవో ఏనుగువో, చల్లగా ఉండు నాయనా!" అని అక్కడే కామెంటు పెట్టింది.

ఆ తర్వాత ఏ మార్పు అడిగినా ఉడుత తెల్లారేసరికి చేసిపెట్టేవాడు.

"ముక్కూమొహం తెలియనివాడు ఇంత చేస్తుంటే, జీతం తీసుకునేవాడికేం రోగం? అతన్ని సాగనంపందే నేను ఊరుకోను!"

"పోనిద్దూ అక్కా," అంది నర్సు.

వింటేనా? ఆవిడది ఉడుంపట్టు. పైవాళ్ళ చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. సాధించింది.

వెబ్‌సైటు మనిషి పోతూ పోతూ కౌంటర్ దగ్గర ఆగాడు.

"వస్తానమ్మా."

ఆవిడ తలెత్తలేదు.

కొత్తగా వచ్చినతను రాగానే పేజీ మొత్తం మార్చేశాడు. దాంతో ఉడుత స్క్రిప్ట్ పనిచేయడం మానేసింది.

సరిగ్గా అప్పుడే ఆపరేషన్ గది నుంచి ఫోన్. బాలింతకి రక్తం కావాలి, అరుదైన గ్రూపు.

ఆవిడ పళ్ళు బిగబట్టి ఒక్కో పేజీ వెతికింది. నర్సు కేకలు, ఫోన్ మీద ఫోన్. చిట్టచివరికి దాత దొరికాడు. బాలింత చావు తప్పి బయటపడింది.

ఆ గండం గడవగానే ఆవిడ ఉడుతకి రాసింది.

"నీకు పుణ్యముంటుంది నాయనా, కొత్త పేజీ చూసి స్క్రిప్ట్ సరిచెయ్యి. ఇంకోసారి ఇలా అయితే ప్రాణం దక్కదు."

జవాబు వెంటనే వచ్చింది.

"తప్పకుండా చేస్తానమ్మా. కాకపోతే ఆ పేజీని సేవ్ చేసి మీరే పంపాలి, నన్ను పంపేసిన రోజే నా పాస్‌వర్డ్ తీసేసుకున్నారు."