దిగిన నీళ్ళు

"అత్తయ్య లేరు. పాప లేదు. తలుపులు బార్లా తీసున్నాయి. మీరు తొందరగా రండి!"

ఫోన్లో దీపిక ఏడుస్తోంది. ఫీనిక్స్ బే జెట్టీలో దీవుల మధ్య తిరిగే డిగ్లీపూర్ బోటు టికెట్ల కోసం తోసుకుంటున్న జనాన్ని పక్క కౌంటరుకి అప్పగించేసి, యుగంధర్ స్కూటరెక్కాడు. షాదీపూర్లో ఇల్లు చేరేదాకా ఎక్కడా ఆగలేదు. ఈమధ్య అమ్మ పిలిస్తే పలకడం లేదు. ఎటో చూస్తూ కూర్చుంటోంది. మతి తప్పి పిల్లని తీసుకుని ఎటు పోయిందో!

దీపిక గేటు దగ్గరే ఉంది. పాఠం చెప్పడానికి బడికి కట్టుకెళ్ళిన చీర ఇంకా మార్చుకోలేదు.

"ఇల్లంతా చూశావా?"

"చూశానండీ. పాప పరుపు అక్వేరియం ముందే ఉంది. ఇద్దరి చెప్పులూ ఉన్నాయి. అత్తయ్య ఫోను కూడా పరుపు మీదే పడుంది."

వాళ్ళ హాల్లో ఒక గోడ గోడంతా అక్వేరియమే. యుగంధర్ ప్రాణమంతా అందులోనే. అద్దాలు చెన్నై నుంచి ఓడలో తెప్పించాడు. సముద్రంలోంచి పగడం ముక్క తెస్తే ఫారెస్టువాళ్ళు లోపలేస్తారు కాబట్టి, సిమెంటుతో తనే పగడాల దిబ్బ పోసి కొమ్మకొమ్మకీ రంగులద్దాడు. అద్దాల అతుకులు కూడా ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా తనే వేశాడు. నాలుగేళ్ళ కూతురు కళ్యాణి రోజూ మధ్యాహ్నం దాని ముందు పరుపు మీద చేపల్ని చూస్తూ నిద్రపోయేది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఆ ముచ్చట చెప్పందే అతనికి కాఫీ దిగేది కాదు. పక్కన కూర్చునే అతని తల్లి యర్రమ్మ మాత్రం చేపల వంక చూసేది కాదు, నీళ్ళనే చూసేది.

"ఇంకో సంగతండీ," అంది దీపిక. "అక్వేరియంలో నీళ్ళు జానెడు దిగాయి. గచ్చు కూడా తడిగా ఉంది."

"కరెంటు పోయుంటుంది. పంపు ఆగితే పై నీళ్ళు కొన్ని కింద తొట్టిలోకి దిగుతాయని ఎన్నిసార్లు చెప్పాను నీకు? తడంటావా, పాప ఏదో ఒలకబోసుంటుంది. పిల్ల కనపడక నేను చస్తుంటే నీళ్ళ గొడవేంటి!"

అతను ఇంట్లోకి అడుగైనా పెట్టలేదు. ఇంతలో ఎదురింటి జోగులు పరుగున వచ్చాడు.

"యర్రమ్మ పిన్ని కోసమేనా భయ్యా? పాపని చంకనేసుకుని పహాడీ మీదకి పరిగెత్తింది. కాళ్ళకి చెప్పుల్లేవు. ఎక్కండర్రా, ఎక్కండర్రా అని ఒకటే అరుపు. క్యా హువా పిన్నీ అన్నా ఆగలేదు. మేం నవ్వుకున్నాం భయ్యా, ఝూట్ ఎందుకు చెప్పాలి."

"ఆపొద్దా జోగులూ!"

"మీకు తెలిసే వెళ్తోందనుకున్నా. మీరు జల్దీ వెళ్ళండి, గేటు దగ్గర నేనుంటా."

కొండ మెట్ల దారిన ఇద్దరూ పరుగు తీశారు. కొండ అవతల వైపు నిలువునా సముద్రంలోకే దిగుతుంది. అమ్మ అటు వెళ్ళిందంటే? యుగంధర్ ఆ పైన ఆలోచించలేకపోయాడు. దీపిక పాప పేరు పిలుస్తూ ఎక్కుతోంది. పైనుంచి జవాబు లేదు. గాలి తప్ప ఏమీ లేదు.

కొండ మీద ఊరి నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చుని ఉంది యర్రమ్మ. అరికాళ్ళు చీరుకుపోయి నెత్తురు కారుతున్నాయి. కళ్యాణి ఆమె ఒళ్ళో పడుకుని కొంగు నములుతోంది.

"నాన్నా! నానమ్మ నన్నెత్తుకుని ఎంత ఫాస్టుగా పరిగెత్తిందో!"

దీపిక పిల్లని లాక్కుని గుండెకి హత్తుకుంది. యుగంధర్‌కి పోయిన ప్రాణం లేచొచ్చింది. దాని వెంటే కోపమూ వచ్చింది.

"నీకేమైనా పిచ్చా అమ్మా? పిల్లకి ఏదైనా అయితే?"

"నీళ్ళు దిగిపోతన్నాయిరా. మునిగున్న కొమ్మ బయటపడింది. నాను సూస్తానే ఉన్నాను, ఇంకా దిగినాయి. హట్‌బేలో సునామీనాడు ఇలాగే కదా సముద్రం లోపలికి పోనాది? ఇసకలో సేపలు కొట్టుకుంటన్నాయని మీ నాన్న గంపట్టుకుని దిగినాడు. నాను నిన్ను ఈడ్సుకుని ఎక్కినాను. మర్సిపోనావా?"

యుగంధర్ మర్చిపోలేదు. అయినా తగ్గలేదు.

"అది సముద్రం. ఇది నా చేతుల్తో నేను కట్టిన గాజుపెట్టె!"

"సముద్రమైతే ఏటి, పెట్టైతే ఏటి? నీళ్ళు దిగితే ఎక్కడమే. ఎందుకు దిగినాయో ఎక్కినాక ఆలోసించుకోవచ్చు."

దీపిక ఏడుపులోనే నవ్వేసింది. యుగంధర్ తల్లి ముందు గొంతుక్కూర్చుని, చిన్నపిల్లకి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు.

"విను. కరెంటు పోతే పంపు ఆగుతుంది. పంపు ఆగితే నీళ్ళు కాస్త దిగుతాయి. కరెంటొస్తే మళ్ళీ ఎక్కుతాయి. అది మామూలే. కరెంటుండగా నీళ్ళు దిగితే మాత్రం భయపడాలి, అద్దం అతుకు ఊడుతున్నట్టు. అర్థమైందా?"

యర్రమ్మ కొడుకు మొహంలోకి విచిత్రంగా చూసింది.

"కరెంటెప్పుడు పోనాదిరా? నా నెత్తి మీద ఫాను తిరుగుతానే ఉంది కదా."

యుగంధర్ నోరు తెరిచేలోగా జేబులో ఫోను మోగింది. జోగులు. అవతల జనం కేకలు.

"భయ్యా, మీ హాల్లో బాంబు పేలినట్టు పేలింది! పాప పరుపు నీళ్ళలో కొట్టుకుని గేటు దాకా వచ్చేసింది భయ్యా, దాన్నిండా అద్దం ముక్కలే!"