గుంజి చూసిన సంబంధం

చెల్లెలు దీపాలికి భూషణ్ చేతిలో ఉన్నది ఒకే ఒక్క సంబంధం. ఆ సంబంధం చెంప మీద ఇప్పుడే లాగి కొట్టాడు.

రితేష్ తూలి నిలదొక్కుకున్నాడు. దసరా మధ్యాహ్నం. ఊరి చివర కాల్హేర్ గోదాములు దాటి, అప్పుడే కోసిన వరి పొలాల గట్టు మీద నలుగురూ జమ్మికి పోతున్నారు. వానలు ఆగి గడ్డి పసుపు తిరిగింది. మిగిలిన ఇద్దరు, స్వామి, కిట్టు, భూషణ్‌కు చిన్నప్పటి దోస్తులు.

"ఎందుకన్నా కొట్టినవ్?" అన్నాడు రితేష్.

"నా కాలు తొక్కినవ్."

"చూసుకోలే. తప్పయింది."

"తప్పయిందట," స్వామి నవ్వాడు. "గోదాంల పని చేసేటోళ్లకు రోషం గూడ జీతంల కోసుకుంటరా ఏంది?"

రితేష్ కూడా నవ్వబోయాడు. పెదవి చిట్లడంతో నవ్వు కుదరలేదు.

గొడవ కాలు తొక్కినందుకు కాదు. భూషణ్‌ది మగ్గాల షెడ్డు. నూలు కొనేటప్పుడు దుకాణదారు మాట నమ్మడు, పోగు తీసి గుంజి చూస్తాడు. పెళ్లికొడుకు విషయంలోనూ అదే పద్ధతి. పెళ్లాన్ని కొట్టేవాడని పెళ్లయ్యాక తెలిస్తే సరుకు వాపసు పోదు. ముందే కోపం తెప్పించి, చెయ్యి లేస్తుందో లేదో చూద్దామని ముగ్గురూ భూషణ్ ఇంట్లో కూర్చుని అనుకున్నారు.

"మీ నాయిన మా షెడ్డుల కూలికి నూలు కండెలు సుట్టెటోడు," అన్నాడు భూషణ్. "గసొంటోని కొడుక్కు మా పిల్ల కావాల్నా?"

"కండెలు సుట్టిండు. దొంగతనం చెయ్యలే."

భూషణ్ కడుపులో గుద్దాడు. రితేష్ మోకాళ్ల మీద కూలాడు. లేవబోతుంటే వీపు మీద తన్నాడు. రితేష్ గట్టు మీది నుంచి జారి వరి మొదళ్లలో బోర్లా పడ్డాడు. మోచేతులు చీరుకుపోయి నెత్తురు కారింది. భూషణ్ కిందికి దిగి డొక్కలో తన్నాడు. మళ్లీ తన్నాడు.

"సాలు భూషణ్," కిట్టు చెయ్యి పట్టుకున్నాడు. "ఉన్నది ఒక్క సంబంధం. అది గూడ సస్తది."

"ఆగు. పోగు ఇంక తెగలే."

జమ్మి కొమ్మ వంచడానికి తెచ్చిన కర్రను భూషణ్ రితేష్ చేతిలో పెట్టి, ముఖం దగ్గరికి వంగాడు. "మొగోనివైతే కొట్టు. ఒక్కటి కొట్టు."

కర్ర చుట్టూ రితేష్ వేళ్లు బిగుసుకున్నాయి. స్వామి ఒకడుగు వెనక్కి వేశాడు. రితేష్ నోట్లోని నెత్తురు ఉమ్మి, కర్రను పొలంలోకి విసిరేశాడు.

భూషణ్ ముఖం విప్పారింది. రితేష్‌ను లేపి, చొక్కాకు అంటిన మట్టి తనే దులిపాడు.

"పాసయినవ్ బావా. నీకు కోపమొస్తె ఎట్లుంటవో సూద్దామని గిదంత చేసినం. మా చెల్లె మీద నీ చెయ్యి లేవది. పిల్ల నీకే."

చెట్టు దాకా స్వామి, కిట్టు చెరో భుజం పట్టి నడిపించారు. భూషణ్ గుప్పెడు జమ్మాకు తెంపాడు. రితేష్ అరచెయ్యి చాపాడు.

"గట్ల ఉత్తగ పెట్టకు బావా. గా మాట వీళ్ల ముంగట మళ్ల చెప్పు."

"గింత పట్టుంటదారా నీకు," భూషణ్ నవ్వి ఆకు అతని చేతిలో పెట్టాడు. "మా దీపాలిని నీకిస్తున్న. పండుగ పూట జమ్మి పెట్టి చెప్పిన మాట. ఎనకకు పోను. సరేనా?"

స్వామి, కిట్టు సాక్షులు. బావలిద్దరూ ఒకరినొకరు హత్తుకుని అలాయ్ బలాయ్ తీసుకున్నారు. డొక్కలో నొప్పికి రితేష్ మూలిగితే అందరూ నవ్వారు. భూషణ్ తోలు లేచిన పిడికిలి చూసుకున్నాడు. ఈ మాత్రం ఖర్చుకు ఇంత మంచి బావ దొరకడం లాభమే అనుకున్నాడు.

"అయినా గన్ని దెబ్బలు ఎట్ల ఓర్సుకున్నవయ్యా?" అడిగాడు స్వామి.

రితేష్ జమ్మాకును జేబులో భద్రంగా పెట్టుకున్నాడు.

"మీరు ఇంట్ల అనుకున్నదంత దీపాలి ఇని నాకు ముందే చెప్పింది. 'కింద పడ్డంక గూడ మా అన్న తంతడు, నాకు ఎరుకే. నువ్వు మాత్రం చెయ్యి లేపకు. గీ ఒక్క పొద్దు నువ్వు దెబ్బలు తిను, గీ ఇంట్ల రోజు నేను తినుడు బందైతది' అన్నది."