ఏడో కొక్కెం

పెళ్లిచూపులంటే హాల్లో సోఫా ఉండాలి, ప్లేట్లో కాజాలుండాలి, ఎదురుగా బిక్కమొహం ఒకటుండాలి. అమెరికాలో, మాడిసన్‌లోని ఈ ఇంట్లో మొదటి రెండూ హాల్లోనే ఉన్నాయి. మూడోది మాత్రం గ్యారేజీలో నిలబడి ఉంది.

ఆ మొహం రాజగోపాల్‌ది. పొద్దున్నే అల్ఫారెట్టా నుంచి విమానంలో వచ్చి దిగాడు. నిన్న జుట్టుకి వేసిన రంగు ఇంకా చెవి పక్కన అంటుకునే ఉంది. గ్రీన్‌కార్డు క్యూలో నిలబడ్డ తెలుగువాడికి జుట్టు నెరవక ఏమవుతుంది? వెంట పెద్దలెవరూ రాలేదు. కనీసం స్పీకర్ ఫోన్లో కూడా లేరు.

ఎదురుగా గీతాంజలి చేతులు కట్టుకుని నిలబడింది. ఆమె వెనక గోడకి ఆరు కొక్కేలు, ఆరు ఫిషింగ్ రాడ్లు. అన్నీ మస్కీ కోసమే.

మస్కీ అంటే ఇక్కడి సరస్సుల్లో ఉండే చేప. మనిషి కాలంత పొడుగు, నోటినిండా పళ్లు. గాలానికి లూర్ అనే ఉత్తుత్తి ఎర కట్టి పదివేలసార్లు విసిరితే ఒకటి పడుతుందంటారు. పడ్డాక దానితో ఫొటో దిగి మళ్లీ నీళ్లలో వదిలేస్తారు. పులుసు పెట్టరు. ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు రాజగోపాల్, “మరెందుకు పట్టడం?” అని రెండుసార్లు అడిగాడు.

కానీ సంబంధం కుదరాలంటే ఈ గ్యారేజీలో పాసవ్వాల్సిందే. గీతాంజలి ఊఁ అనకపోతే పెళ్లి లేదని ముందే చెప్పేశారు. ఇంతకుముందు వచ్చిన ఇద్దరూ ఇక్కడే బోల్తాపడ్డారు. సన్నీవేల్ నుంచి వచ్చినాయన, “ఇన్నెందుకు, అన్ని లూర్లకీ పనికొచ్చే రాడ్ ఒక్కటుంటే చాలదా?” అన్నాడు. క్యారీ నుంచి వచ్చినాయన, “ఇవి తీసేస్తే ఇక్కడ ట్రెడ్‌మిల్ పడుతుంది,” అన్నాడు. గీతాంజలి తల్లి అనురాధ ఇద్దరికీ కాఫీ ఇచ్చి, ఎయిర్‌పోర్టుకి క్యాబ్ బుక్ చేసింది. కక్కొచ్చినా కల్యాణమొచ్చినా ఆగదంటారు గానీ, ఈ ఇంట్లో కల్యాణం అప్పటికే రెండుసార్లు ఆగింది.

రాజగోపాల్‌కి ఆ క్యాబ్ ఎక్కాలని లేదు. మూడు నెలలుగా రోజూ ఫోన్లో వింటున్న ఆ నవ్వు అతనికి కావాలి. అది లేని రోజు అన్నం సయించడం లేదు. అందుకే మూడు వారాలు యూట్యూబ్ ముందు కూర్చుని, సర్టిఫికేషన్ పరీక్షకి చదివినట్టు చదివాడు.

గీతాంజలి పక్కనున్న ఫ్రీజర్ మూత మీద మొదటి లూర్ పెట్టింది. రెండు గుండ్రటి రేకులు, వెనక జింక తోక వెంట్రుకల కుచ్చు.

“దీనికి ఏ రాడ్?”

“ఇది బక్‌టెయిల్ అండీ. తొమ్మిదడుగులది, హెవీ.”

“వై?”

“రేకులు తిరుగుతూ నీళ్లలో బరువుగా లాగుతాయి. రాడ్ కాస్త వంగాలి. పొడుగైతే దూరం పడుతుంది. చివర్లో బోటు పక్కన లూర్‌ని ఎనిమిది అంకెలా తిప్పడం కూడా ఈజీ.”

“నన్ను అండీ అనొద్దు.”

“అలవాటు చేసుకుంటానండీ.”

ఆమె నవ్వలేదు. ఆ మాటకొస్తే, అతన్ని ఏమని పిలవాలో తేలక పొద్దుట్నుంచీ ఆమె ఏమనీ పిలవడం లేదు.

రెండోది అరకిలో బరువున్న రబ్బరు చేప.

“ఎక్స్‌ట్రా హెవీ,” అన్నాడు రాజగోపాల్. “మామూలు దాంతో విసిరితే రాడ్ విరిగి మన నెత్తిన పడుతుంది.”

“అది యూట్యూబ్‌లో చెప్పారా?”

“రాడ్ సంగతి వాళ్లు చెప్పారు. నెత్తి సంగతి నాది.”

గీతాంజలి పెదవి కొస కొద్దిగా కదిలింది. వంటింటి తలుపు అవతల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అనురాధ వింటోంది.

మూడోది చెక్క లూర్. రంగు పోయి, ఒళ్లంతా పంటి గాట్లు.

“జెర్క్‌బెయిట్. రాడ్ కొస కిందికి పెట్టి టక్కుటక్కుమని లాగాలి,” అంటూ తొమ్మిదడుగుల రాడ్ మీదికి చెయ్యి చాచి, రాజగోపాల్ మధ్యలో ఆగిపోయాడు. వీడియోలో దాన్ని మెచ్చుకున్నవాడు ఆరున్నర అడుగుల మనిషి. తను ఐదడుగుల మూడంగుళాలు, అదీ బూట్లతో.

“ఇది నాకు కుదరదండీ. నా ఎత్తుకి కొస ప్రతిసారీ నీళ్లని కొడుతుంది. చేప నవ్విపోతుంది.”

అన్నిటికన్నా పొట్టి రాడ్ చివరి కొక్కేనికి ఉంది. ఏడున్నర అడుగులు. పట్టుకునేచోట కార్క్ అరిగి వేళ్ల గుర్తులు పడ్డాయి. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని దానిమీది అక్షరాలు చదివాడు. కిందికి దించి రెండుసార్లు లాగి చూశాడు. కొస నేలకి జానెడు పైనే ఆగింది.

“ఇదీ.”



“అది నాన్నది,” అంది గీతాంజలి. “నాన్న కూడా పొట్టే. ఆయన పోయి నాలుగేళ్లయింది. దాన్ని ఎవరం ముట్టుకోలేదు.”

రాజగోపాల్ ఇక క్యాబ్ ఎక్కాల్సిందే అనుకున్నాడు. రాడ్‌ని రెండు చేతులతో పట్టుకుని తిరిగి దాని కొక్కేనికే తగిలించాడు.

“సారీ అండీ. తెలీక తీశాను. దీన్ని నేను వాడను. ఇది ఆయనది, ఇక్కడే ఉండాలి. నా ఎత్తుకి తగ్గది నేను వేరే తెచ్చుకుంటాను. కాకపోతే...” గోడ చివరనున్న ఖాళీ చూపించాడు. “అక్కడ ఏడో కొక్కెం ఒకటి కొట్టుకోనిస్తారా?”

గీతాంజలి ఆ ఖాళీ వైపు చూసింది. కళ్లు నిండాయి. ముక్కు తుడుచుకుని, టూల్‌బాక్స్‌లోంచి సుత్తి తీసి అతని చేతిలో పెట్టింది.

“గోడ వెనక చెక్క ఎక్కడుందో చూసి కొట్టండి. లేకపోతే గోడ ఊడొస్తుంది.”

వెళ్లి వంటింటి తలుపు లాగింది. తలుపుకి చెవి ఆనించి నిలబడ్డ అనురాధ రెండు కాఫీ కప్పులతో సహా ముందుకి తూలింది.

“నాకు నచ్చాడమ్మా,” అంది గీతాంజలి, “ఇక నువ్వు పెళ్లి చేసుకో.”